వెండితెరపై మత్తుతూటా

సినిమాలో వైద్యుడు నాడి పట్టుకొని రెండు క్షణాలలో జబ్బు పేరు చెప్పివేస్తాడు. ప్రేక్షకులు చూచి నవ్వుకొని ఊరుకుంటారు. వైద్యుని వద్దకు వెళ్ళిన అనుభవం అందరికీ ఉన్నది గనుక తెరపై చూచినది నిజం కాదని వారికి తెలుసును. కాని పులికో, ఏనుగుకో మత్తుసూది వేయటం కళ్ళార చూచినవారు వేయిమందిలో ఒక్కరైనా ఉండరు. ఆ విషయంలో జనసామాన్యానికి సినిమాయే పాఠ్యపుస్తకం, సినిమాయే ఉపాధ్యాయుడు. పాఠ్యపుస్తకంలో తప్పు దొర్లితే ఎత్తిచూపటం ఎంత అవసరమో, ఇట్టి చిత్రాలలోని తప్పును ఎత్తిచూపటమూ అంతే అవసరం.

సామాన్యంగా తెరపై కనిపించే దృశ్యం ఇది. తుపాకి పేలుతుంది. వెనుక కుచ్చు గల చిన్న బాణం వంటిది జంతువు తొడలో గుచ్చుకుంటుంది. జంతువు రెండడుగులు వేసి, తూలి, పడిపోతుంది. మరుదృశ్యంలో అది బోనులో ఉంటుంది. కథ సాగిపోతుంది.

ఈ దృశ్యంలో మూడు విషయాలు లోపించాయి: కాలం, మోతాదు, మత్తులో ఉన్న జంతువుకు కాపలా. పశువైద్యంలో సూదిమందుతో మత్తు ఇచ్చే శాస్త్రమంతా ఈ మూడింటిలోనే ఉన్నది. తుపాకి దానికి వాకిలి మాత్రమే. వాకిలిని చూపి అదే ఇల్లు అనటం సినిమా చేస్తున్న పొరపాటు.

అర మిల్లీసెకను లెక్క

ఈ పొరపాటుకు పరాకాష్ఠ అనదగిన దృశ్యం 1997లో వచ్చిన "ది లాస్ట్ వరల్డ్: జురాసిక్ పార్క్" చిత్రంలో ఉన్నది. మైకేల్ క్రైటన్ 1995లో ప్రకటించిన నవల ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ దీనిని తీశాడు. దీవికి బయలుదేరబోయే బృందంలోని ఒకడు తన గాలితుపాకిని చూపి దాని గొప్ప వర్ణిస్తాడు. అందులోని మందు ఒక జాతి సముద్రపు నత్త విషమట. అది సెకనులో రెండువేలవ వంతు కాలంలో పనిచేస్తుందట. నరంలో సంకేతం పోయే వేగాన్ని కూడా అది మించుతుంది గనుక, బాణం గుచ్చుకున్నదని తెలిసే లోపుననే జంతువు పడిపోతుందట.

మాట వినటానికి ఇంపుగా ఉన్నది. లెక్క వేసి చూస్తే నిలువదు. మనుష్య శరీరంలో మిక్కిలి వేగం గల నరాలలో సంకేతం సెకనుకు సుమారు 120 మీటర్లు పోతుంది. సెకనులో రెండువేలవ వంతు, అనగా అర మిల్లీసెకను కాలంలో అది పోగలిగినది 6 సెంటీమీటర్లు మాత్రమే. నరపు సంకేతమే ఆ కాలంలో బెత్తెడు దూరం పోలేనప్పుడు, తొడ కండరంలో పడిన మందు శరీరమంతటా ఎట్లు వ్యాపిస్తుంది?

మందుకు ప్రయాణసాధనం రక్తం. కండరంలో పడిన మందు మొదట అక్కడి సూక్ష్మ రక్తనాళాలలోనికి ఇంకాలి. అక్కడనుండి సిరల ద్వారా గుండెకు, గుండెనుండి ఊపిరితిత్తులకు, మరల గుండెకు, పిమ్మట ధమనుల ద్వారా మెదడుకు చేరాలి. మెదడు కణాలలో తగినంత మందు కూడితే గాని మత్తు రాదు. థయోపెంటోన్, ప్రొపొఫోల్ వంటి మందులను తిన్నగా సిరలోనికే ఎక్కించినా స్పృహ పోవటానికి అర నిమిషం వరకు పడుతుంది. కండరంలో వేసినప్పుడు నిమిషాలు పడుతుంది. చిరుతపులికి సాధారణంగా వాడే మందుల మిశ్రమం తన పని చేయటానికి 5 నుండి 15 నిమిషాలు కావలెను. బాణం తగిలినప్పుడు జంతువు బెదరిపోయి ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. భయంతో పొంగిన ఎడ్రినలిన్ మత్తుకు ఎదురీదుతుంది.

నత్త మాట పూర్తిగా కట్టుకథ కాదు. చిత్రంలో చెప్పిన కోనస్ పర్‌పురాసెన్స్ అనే జాతి నిజంగా ఉన్నది. అది చేపను గుచ్చి క్షణమాత్రంలో కదలనీయకుండా చేయగలదు. కాని చిన్న చేప దేహం ఎంత, టన్నుల కొలది బరువు గల జంతువు దేహం ఎంత? చీమకు చాలిన అడుగు ఏనుగుకు చాలుతుందా? పైగా ఆ విషం కలిగించేది మత్తు కాదు. ఇక్కడనే చిత్రం అసలు తప్పు దారి పట్టింది.

కదలలేకపోవటం నిద్ర కాదు

మత్తు అనే ఒక్క మాటలో మూడు వేరు వేరు పనులు ఇమిడి ఉన్నవి. స్పృహ పోవటం ఒకటి. నొప్పి తెలియకపోవటం రెండవది. కండరాలు సడలి కదలిక ఆగటం మూడవది. చూచేవాని కంటికి మూడవది మాత్రమే కనిపిస్తుంది. అందువలన పడిపోయిన జంతువు నిద్రపోతున్నదని భ్రమ కలుగుతుంది.

నరం కండరాన్ని కలిసే చోట పనిచేసి, కదలికను మాత్రమే ఆపే మందులు ఉన్నవి. సక్సినైల్‌కోలీన్ అట్టిది. 1950, 60 దశకాలలో గుర్రాలను పడవేయటానికి, అడవిజంతువులను పట్టటానికి దీనిని వాడేవారు. జంతువు కదలదు, అరవదు. కాని దానికి చూపు, వినికిడి, నొప్పి అన్నీ ఉంటవి. మోతాదు కొంచెం మించితే ఊపిరి తీసే కండరాలు కూడా స్తంభిస్తవి. అప్పుడు జంతువు స్పృహలో ఉండగానే ఊపిరాడక చనిపోతుంది. పశువైద్యులు ఈ పద్ధతి క్రూరమని గుర్తించి, స్పృహ పోగొట్టే మందు లేకుండా దీనిని వాడరాదని విడిచిపెట్టారు.

ఈ వెలుగులో చూస్తే, నత్తవిషపు తుపాకి నిజంగా ఉండి అంత వేగంగా పనిచేసినా అది దయగల ఆయుధం కాదు. అది జంతువును రెప్పపాటులో రాయిగా మార్చి, ఊపిరి ఆపి, తెలివి మాత్రం ఉంచే ఆయుధం. చిత్రం మాత్రం దానిని జంతువుకు బాధ తెలియనీయని సాధనంగా పరిచయం చేస్తుంది. వేగమే దయ అని ప్రేక్షకునికి నేర్పుతుంది. నిజానికి మత్తుశాస్త్రంలో దయకు కొలత వేగం కాదు.

నేడు పులి, చిరుత వంటివాటికి మనదేశంలో ఎక్కువగా వాడే మందులు రెండు: జైలజీన్, కెటమిన్. రెండూ 1962లోనే పుట్టటం ఒక విశేషం. జైలజీన్‌ను జర్మనీలో బేయర్ సంస్థవారు మనుష్యుల రక్తపుపోటుకు మందుగా తయారుచేశారు. అది రోగులను అతిగా మగతలో పడవేస్తున్నందున మనుష్యులకు పనికిరాక పశువులకు వరమైంది. కెటమిన్‌ను అమెరికాలో పార్క్-డేవిస్ సంస్థకై కాల్విన్ స్టీవెన్స్ రూపొందించాడు. కెటమిన్ వలన నొప్పి తెలియదు, ఊపిరి సామాన్యంగా సాగుతుంది. కాని కండరాలు బిగుసుకుంటవి, కనురెప్పలు తెరచియే ఉంటవి. జైలజీన్ ఆ బిగువును సడలిస్తుంది. ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చటం వలన ఈ రెండింటినీ జతచేస్తారు. మ్యూనిక్ నగరంలోని హెల్లాబ్రున్ జంతుప్రదర్శనశాల పేరుతో ప్రసిద్ధమైన మిశ్రమంలో ప్రతి మిల్లీలీటరుకు 125 మిల్లీగ్రాముల జైలజీన్, 100 మిల్లీగ్రాముల కెటమిన్ ఉంటవి. జంతువు కళ్ళు మూయదు గనుక వైద్యుడు దాని కళ్ళలో లేపనం వేసి, గుడ్డ కట్టవలసి ఉంటుంది. సినిమాలో మత్తు తిన్న పులి ఎప్పుడూ కళ్ళు మూసుకొని హాయిగా నిద్రిస్తుంది!

తాళ్ళనాటి చిత్రం

మత్తుమందులు లేని కాలాన్ని చూపిన చిత్రాన్ని దీని పక్కన పెట్టి చూడటం ఉపయోగకరం. 1962లో హవర్డ్ హాక్స్ దర్శకత్వంలో వచ్చిన "హటారీ!" అట్టిది. టాంగన్యీకాలో తీసిన ఆ చిత్రంలో జాన్ వేన్, అతని తోటివారు ట్రక్కుపై జంతువును వెంటాడి, కర్ర చివరి ఉచ్చును మెడకు తగిలించి పట్టుకుంటారు. చిత్రకథ తేలిక వినోదమే. కాని జంతువు పెనుగులాట, మనుష్యులకు అందులోని అపాయం అందులో దాచలేదు. ఖడ్గమృగం ట్రక్కును పొడుస్తుంటే చూచేవాని గుండె అదురుతుంది. అంతటి పరుగు, పెనుగులాటల వలన జంతువు కండరాలు లోలోపల చెడి, పట్టుకున్న కొన్ని దినాలకు అది చనిపోయే ప్రమాదం ఉన్నదని ఆ చిత్రం చెప్పలేదు. అది దాని లోపం. ఐనా జంతువును పట్టటం తేలిక పని అనే భ్రమను మాత్రం అది కలిగించలేదు.

ఆ సరికే మార్పు మొదలైంది. అమెరికాలోని జార్జియాలో 1950 దశకంలో నికోటిన్ లవణం నింపిన ఎగిరే సిరంజీలతో జింకలను పట్టే ప్రయత్నాలు జరిగినవి. న్యూజీలాండుకు చెందిన కోలిన్ మర్డాక్ ఇట్టి తుపాకులను రూపొందించాడు. 1960 దశకం తొలి యేండ్లలో ఇంగ్లండులోని రెకిట్ సంస్థలో కెన్నెత్ బెంట్లీ బృందం ఎటార్ఫిన్ అనే మందును కనిపెట్టింది. ఇది మార్ఫీన్ కంటె వేయి మొదలు మూడువేల రెట్లు తీవ్రమైనది. దక్షిణాఫ్రికాలో తెల్ల ఖడ్గమృగాలను కాపాడి వేరు చోట్లకు తరలించిన మహాకార్యంలో టోని హార్తూర్న్ అనే పశువైద్యుడు, ఇయన్ ప్లేయర్ అనే వనపాలకుడు ఈ మందును ఉపయోగించి చరిత్రకెక్కారు. రెండు టన్నులకు మించిన ఖడ్గమృగాన్ని నిలువరించటానికి 3, 4 మిల్లీగ్రాములు చాలును. అది చిటికెడు ఉప్పులో కొద్ది భాగం.

ఇంత తక్కువ మందు ఇంత పని చేస్తే, అదే మందు మనిషి వేలికి గుచ్చుకుంటే ఏమగునో ఊహించవచ్చు. ఈ మందు వాడే పశువైద్యుడు చేతులకు తొడుగులు వేసుకుంటాడు. విరుగుడు మందు సిద్ధంగా పట్టుకొని ఒక సహాయకుడు పక్కన నిలువవలెను. సినిమాలలో తరచుగా కథానాయకుడు వట్టి చేతులతో బాణాన్ని నింపి, జేబులో వేసుకొని పరుగెత్తుతాడు.

మోతాదు అనే ముడి

ఆసుపత్రిలో కుక్కను బల్లమీదికి ఎక్కించి బరువు తూచి మందు కొలుస్తారు. అడవిలో చిరుతను ఎవరు తూచగలరు? చెట్టు చాటున, చీకటిలో, 20, 30 మీటర్ల దూరంనుండి చూచి వైద్యుడు బరువు అంచనా వేయవలెను. అది కడుపునిండా తిన్నదా, చూలుతో ఉన్నదా, జబ్బుపడినదా అని కూడా ఊహించవలెను. తక్కువైతే అర్ధమత్తులో ఉన్న జంతువు మరింత ప్రమాదకరం. ఎక్కువైతే ప్రాణానికే ముప్పు.

బరువు తెలిసినా ముడి విడదు. జాతికొక లెక్క ఉన్నది. జైలజీన్ విషయంలో ఆవు గుర్రం కంటె పది రెట్లు సున్నితం. గుర్రానికి కిలో బరువుకు ఇచ్చే మోతాదును అట్లే ఆవుకు ఇస్తే అది పది రెట్లు ఎక్కువ ఇచ్చినట్లే. పందికి ఆ మందు అంతగా ఎక్కదు. ఇట్టి తేడాలను ఏ సూత్రమూ ముందుగా చెప్పలేదు. ప్రతి జాతిలోను జాగ్రత్తగా పరీక్షించి తెలుసుకొన్నవే. సినిమా తుపాకిలో మాత్రం కోతి మొదలు రాక్షసబల్లి వరకు అన్నింటికీ ఒకే తూటా.

చిత్రానికి దక్కవలసిన మెప్పు

విమర్శ అంటే తప్పులు ఎంచటం మాత్రమే కాదు. "ది లాస్ట్ వరల్డ్" చిత్రం రెండవ భాగంలో ఒక చక్కని శాస్త్రాంశం దాగి ఉన్నది. రాక్షసబల్లిని ఓడలో తెచ్చినవారు దానికి కార్ఫెంటనిల్ ఇచ్చారని, ఊపిరి ఆగిపోగా విరుగుడుగా నాల్‌ట్రెక్సోన్ ఇచ్చారని, సరియైన మోతాదు వారికి తెలియదని ఒక సంభాషణ వస్తుంది. ఈ మందులు రెండూ నిజమైనవి. 1974లో జాన్‌సెన్ సంస్థలో పుట్టిన కార్ఫెంటనిల్ మార్ఫీన్ కంటె పదివేల రెట్లు తీవ్రం. దాని ముఖ్య ప్రమాదం ఊపిరి మందగించటమే. నాల్‌ట్రెక్సోన్ దానికి నిజమైన విరుగుడే. విరుగుడు మందు కంటె ముందుగా అరిగిపోతే, లేచిన జంతువుకు కొన్ని గంటల పిమ్మట మత్తు తిరిగి కమ్ముకుంటుంది. నాల్‌ట్రెక్సోన్ శరీరంలో చాలసేపు నిలుస్తుంది గనుకనే వైద్యులు దానిని కోరుకుంటారు.

అనగా ఈ చిత్రనిర్మాతలకు విషయం తెలిసినవారి సలహా దొరికిందన్న మాట. మత్తు ఇవ్వటమంటే ఊపిరిని కాపాడటమని, మోతాదు తెలియకుండా తెగిస్తే అనర్థమని వారు ఒక్క సంభాషణలో చెప్పగలిగారు. ఆ తరువాత నగరంలో జరిగిన విధ్వంసానికి ఈ విరుగుడే కారణమన్నట్లు సూచించటం మాత్రం సరి కాదు. నాల్‌ట్రెక్సోన్ మత్తుమందును దాని స్థానంనుండి తొలగిస్తుంది. జంతువును సహజస్థితికి తెస్తుందే గాని పిచ్చెత్తించదు. ఐనా ఈ సంభాషణ మెచ్చదగినదే. విచారించవలసిన దేమిటంటే, ప్రేక్షకుల మనసులో నిలిచేది రెప్పపాటు తుపాకి. ఊపిరి గురించిన మాట అరుపులలో, పరుగులలో కొట్టుకొనిపోతుంది.

ఇది వినోదమే గదా అంటే

సినిమా వినోదం కొరకే గదా, పదిహేను నిమిషాలు ప్రేక్షకుని కూర్చుండబెట్టి ఎదురుచూపు చూపుతారా అని అడుగవచ్చు. ఈ ప్రశ్నకు బలం ఉన్నది. కథకు కాలాన్ని కుదించే హక్కు ఉన్నది. రాత్రి గడిచినట్లు చూపటానికి రాత్రంతా చూపనక్కరలేదు. కాని కుదించటం వేరు, లేదనటం వేరు. వైద్యుడు గడియారం చూచుకునే ఒక్క దృశ్యం, జంతువు పక్కటెముకల కదలికను లెక్కించే ఒక్క దృశ్యం చాలును. పొదలలో మాయమైన చిరుత పడిందో లేదో తెలియని ఆ పది నిమిషాల కంటె ఉత్కంఠ గల ఘట్టం ఏ కథారచయిత కల్పించగలడు? దర్శకులు వదలివేస్తున్నది శాస్త్రాన్ని మాత్రమే కాదు, మంచి కథను కూడా.

ఈ తప్పు తెరపైనే ఉండిపోతే అంత చింత లేదు. అది వీధిలోనికి వస్తున్నది. ఊరిలోనికి చిరుత వచ్చిందంటే జనం గుమిగూడుతారు. వైద్యుడు తుపాకి పట్టుకొని రాగానే ఇక భయం లేదని ముందుకు తోసుకొస్తారు. బాణం తగిలినా జంతువు పడలేదని కేకలు వేస్తారు, రాళ్ళు రువ్వుతారు. ఆ కేకలవలన బెదరిన జంతువుకు మత్తు మరింత ఆలస్యమగును.

2016 ఫిబ్రవరిలో బెంగుళూరులో ఒక పాఠశాలలోనికి చిరుత చొరబడింది. తెల్లవారుజామున కనిపించిన దానిని పట్టేసరికి రాత్రి అయింది. ఈలోగా పలువురు గాయపడ్డారు. వారిలో చిరుతలను గూర్చి పరిశోధించే శాస్త్రజ్ఞుడు కూడా ఉన్నాడు. 2023 ఏప్రిల్‌లో కేరళలోని ఇడుక్కి జిల్లాలో అరికొంబన్ అనే ఏనుగును పట్టటానికి ఒక బాణం చాలలేదు, పలుమార్లు మందు వేయవలసి వచ్చింది. ఆ పిమ్మట కూడా దానిని లారీ ఎక్కించటానికి నాలుగు శిక్షణ పొందిన ఏనుగులు పాటుపడినవి. మన ప్రాంతంలోనే 2020 జనవరిలో షాద్‌నగర్‌లో ఇంటి డాబాపైకి చేరిన చిరుతను మత్తుమందు ఇచ్చి పట్టి హైదరాబాదు జంతుప్రదర్శనశాలకు తరలించారు. ఇట్టి సందర్భాలలో వైద్యునికి మందుతో సమానంగా కావలసినది జనం నిశ్శబ్దంగా, దూరంగా ఉండటం.

జంతువు పడిన తరువాతనే వైద్యుని అసలు పని మొదలవుతుంది. ఆవు, జింక వంటి నెమరువేసే జంతువులను రొమ్ముపై కూర్చున్నట్లు ఉంచకపోతే కడుపు ఉబ్బి ఊపిరి ఆడదు. ఏనుగును అట్లు ఉంచితే దాని ఊపిరికే అడ్డు, దానిని పక్కకు పడుకోబెట్టాలి. మత్తులో శరీరం తన వేడిని తాను అదుపు చేసుకోలేదు గనుక ఎండలో నీళ్ళు చల్లుతూ, చలిలో కప్పుతూ ఉండాలి. ఊపిరిని, నాడిని, ఉష్ణోగ్రతను మాటిమాటికి చూడాలి. చివరకు జైలజీన్‌కు యోహింబిన్ వంటి విరుగుడు ఉన్నది గాని, కెటమిన్‌కు లేదు. కెటమిన్ బలం తగ్గకముందే తొందరపడి జైలజీన్‌ను విరిచితే జంతువు బిగుసుకొని, మూర్ఛ వచ్చినట్లు కొట్టుకొనవచ్చు. కనుక మేలుకొలుపుటకు కూడా ఓర్పు కావలెను.

తుపాకి పేల్చటానికి ఒక్క క్షణం చాలును. జంతువును మరల తన కాళ్ళపై నిలబెట్టటానికి గంటలు పడుతుంది. చిత్రకారులు ఆ క్షణానికి ఇచ్చిన గౌరవంలో పదవ వంతు ఆ గంటలకు ఇస్తే, ప్రేక్షకుడు మరునాడు తన వీధిలో వైద్యుడు గడియారం చూచుకుంటూ నిలబడినప్పుడు కేక వేయడు. పక్కవానిని కూడా వెనక్కు జరగమంటాడు. ఆ మాత్రపు తెలివిడి ఒక జంతువు ప్రాణాన్ని, ఒక్కొక్కప్పుడు ఒక మనిషి ప్రాణాన్ని కూడా నిలుపుతుంది.